నోటుకు మూడేళ్లు: బాకీ కోసం దావా ఎప్పటి దాకా, ఎవరు వేయవచ్చు

తాకట్టు లేకుండా ఇచ్చిన అప్పు తిరిగి రాకపోతే కోర్టులో దావా వేయడానికి ఉన్న గడువు 3 ఏళ్లు. 1963 నాటి కాలపరిమితి చట్టం పెట్టిన హద్దు ఇది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో వేసినా, దేవరకొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్, గద్వాల కోర్టుల్లో వేసినా లెక్క ఒక్కటే. చేబదులుకు డబ్బు చేతికిచ్చిన రోజు నుంచి, ప్రామిసరీ నోటుకు దాని మీద వేసిన తేదీ నుంచి, దుకాణంలో ఉద్దెర పెట్టిన విత్తనాలకు, ఎరువులకు సరుకు అప్పజెప్పిన రోజు నుంచి ఈ 3 ఏళ్లు నడుస్తాయి. ఉద్దెరకు ఫలానా తేదీ అని ముందే గడువు అనుకుని ఉంటే, ఆ తేదీ దాటినప్పటి నుంచి లెక్క. భూమి గాని, ఇల్లు గాని తాకట్టు రాసిచ్చిన అప్పుకు, ఆ ఆస్తి మీద దావా వేయడానికి 12 ఏళ్ల గడువు ఉంటుంది.

పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల పల్లెల్లో ప్రైవేటు అప్పు అంటే ఎక్కువగా ప్రామిసరీ నోటే. వానాకాలం మొదట్లో పత్తి విత్తనాలకు, ఎండాకాలంలో బోరు వేయడానికి, మధ్యలో బిడ్డ పెళ్లికో దవాఖానకో తెచ్చిన డబ్బుకు ఆధారం ఆ ఒక్క కాగితం. స్టేషనరీ దుకాణాల్లో అచ్చు ఫారాలు దొరుకుతాయి. తీసుకున్నవారి పేరు, తండ్రి పేరు, ఊరు, ఇచ్చినవారి పేరు, మొత్తం అంకెల్లోను అక్షరాల్లోను, నూటికి నెలకు ఎంత మిత్తో రాయడానికి ఖాళీలుంటాయి. కింద రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం, పక్కన ఇద్దరు సాక్షులు, చివర రాసినవారి దస్తూరి. సాక్షులు లేకపోయినా నోటు చెల్లుతుంది. స్టాంపు లేకపోతే మాత్రం చెల్లదు. మిగతా చాలా దస్తావేజులకు తక్కువ పడిన స్టాంపు సుంకాన్ని జరిమానాతో కట్టి కోర్టులో సాక్ష్యంగా పెట్టుకోవచ్చు. ప్రామిసరీ నోటుకు స్టాంపు చట్టం ఆ వెసులుబాటు ఇవ్వలేదు.

అచ్చు ఫారంలో ‘మీరు అడిగినప్పుడు’ అసలు, వడ్డీ చెల్లిస్తానని ఉంటుంది. దీన్ని చూసి చాలామంది, అడిగినప్పటి నుంచి 3 ఏళ్లు లెక్క అనుకుంటారు. అది పొరపాటు. అడగగానే ఇవ్వవలసిన నోటుకు గడువు నోటు రాసిన తేదీ నుంచే మొదలవుతుంది. 2022 జూన్ 10న రాసిన నోటు మీద 2025 జూన్ 10 లోగా దావా కోర్టులో పడాలి. మధ్యలో ఎన్నిసార్లు ఇంటికెళ్లి అడిగినా, పెద్దమనుషుల్లో ఎన్నిసార్లు పంచాయితీ పెట్టినా, వకీలు చేత నోటీసు ఇప్పించినా ఆ తేదీ ఒక్కరోజు కూడా జరగదు. నోటు దావాకు ముందు నోటీసు ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు కూడా.

గడువును నిజంగా తిరగతిప్పేది బాకీదారు సంతకం. చట్టం ఇందుకు రెండు దారులు చూపింది. మొదటిది రాతలో ఒప్పుకోలు. 3 ఏళ్లు నిండకముందే ‘నీకు బాకీ ఉన్న మాట నిజమే’ అని రాసి సంతకం పెడితే, ఆ సంతకం తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. ఇస్తానని మాట ఇవ్వనక్కర లేదు. ‘బాకీ ఉన్నాను గాని ఇప్పుడు ఇవ్వలేను’ అని రాసినా అది ఒప్పుకోలే. వకీలు నోటీసుకు తొందరపడి రాసిన జవాబు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. రెండోది కొంత చెల్లించడం. నోటు వెనుక ‘ఈ రోజు మిత్తి కింద 500 రూపాయలు ముట్టజెప్పినాను’ అని రాసి, తేదీ వేసి, బాకీదారు సంతకం పెడితే చాలు, లక్ష రూపాయల నోటుకైనా మరో 3 ఏళ్ల ఆయుష్షు వస్తుంది. దీన్నే చెల్లు రాయడం అంటారు. చదువు రానివారి వేలిముద్ర సంతకంతో సమానం.

చెల్లు విషయంలో గట్టిగా పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ రాత బాకీదారు సొంత దస్తూరితో ఉండాలి, లేదా దాని కింద బాకీదారు సంతకం ఉండాలి. అప్పిచ్చిన వ్యక్తి తన పుస్తకంలో ‘ఫలానా రోజు 500 జమ’ అని రాసుకుంటే గడువు పెరగదు. చెల్లు కూడా నోటు బతికి ఉండగానే పడాలి. అందుకే మూడో ఏడు నిండబోతుండగా షావుకార్లు, ఫైనాన్సు గుమాస్తాలు ఇంటికి రావడం ఎక్కువవుతుంది. ‘ఎంతో కొంత ఇయ్యి, ఒక్క సంతకం పెట్టు, కోర్టు దాకా ఎందుకు’ అన్న మాట వినడానికి మెత్తగానే ఉంటుంది. ఆ సంతకం విలువ చేతిలో పెట్టిన 500 రూపాయలది కాదు, మొత్తం నోటుది. నిజంగా బాకీ ఉన్నవారు, తీర్చే ఉద్దేశం ఉన్నవారు పెట్టవచ్చు, తప్పేమీ లేదు. తాము ఏం చేస్తున్నారో తెలిసి పెట్టడం వారి హక్కు.

ఇద్దరు కలిసి రాసిన నోటు మీద ఒకరే చెల్లు వేస్తే, దానివల్ల రెండోవారి మీద గడువు పెరగదు. అన్నదమ్ములిద్దరి పేర నోటు ఉండి, తమ్ముడు హైదరాబాద్‌లో కూలికి పోయినప్పుడు అన్న ఒక్కడే సంతకం పెట్టిన సందర్భాల్లో ఈ తేడా తమ్ముణ్ని కాపాడుతుంది.

3 ఏళ్లు దాటాక పెట్టే సంతకం సంగతి వేరు. అప్పుడు ‘బాకీ ఉన్నాను’ అని రాసినంత మాత్రాన చచ్చిన నోటు లేవదు. కానీ ‘పాత బాకీ ఇంత, అది చెల్లిస్తాను’ అని రాతపూర్వకంగా మాట ఇచ్చి సంతకం చేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని కొత్త ఒప్పందంగా చూస్తుంది. పాత నోటు చించేసి కొత్త నోటు రాయించుకోవడం ఊళ్లలో ఎక్కువగా కనిపించే పద్ధతి. నష్టం ఎక్కువ జరిగేదీ ఇక్కడే. లక్ష రూపాయలు 2 రూపాయల మిత్తికి తెచ్చినవారికి ఏడాదికి 24,000, మూడేళ్లకు 72,000 వడ్డీ అవుతుంది. నోటు తిరగరాసినప్పుడు 1,72,000 అసలుగా మారుతుంది. దాని మీద అదే మిత్తి మరో మూడేళ్లు నడిస్తే 2,95,840. ఆరేళ్లలో కొత్తగా ఒక్క రూపాయి చేతికి రాకుండానే లక్ష దాదాపు మూడు లక్షలైంది. కోర్టు ముందుకు వచ్చే కాగితం మీద మాత్రం అసలు 1,72,000 అనే ఉంటుంది. పాత నోటు సంగతి బాకీదారే చెప్పుకోవాలి, రుజువు చేసుకోవాలి.

గడువు లెక్కలో కొన్ని రోజులు కలవవు. నోటు తేదీని లెక్కలోంచి తీసేస్తారు. ఆఖరి రోజు వేసవి సెలవుల్లోనో ఆదివారంనాడో పడితే కోర్టు తెరిచిన రోజున వేసినా చెల్లుతుంది. కరోనా కాలంలో సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు రోజులను లెక్కలోంచి తొలగించింది. అందువల్ల 2017–2021 మధ్య రాసిన చాలా నోట్లకు గడువు మామూలు కంటే ఎక్కువ కాలం నడిచింది. బాకీదారు దేశం విడిచి వెళితే, బయట ఉన్న కాలాన్ని కూడా మినహాయిస్తారు. దుబాయికో మస్కట్‌కో పోయినవారి నోటు తిరిగొచ్చేదాకా ఆగి ఉన్నట్టే. ముంబైకి, పుణెకు వలస పోయినవారికి ఇది వర్తించదు. వాళ్లు దేశంలోనే ఉన్నారు కాబట్టి గడియారం నడుస్తూనే ఉంటుంది.

కాలదోషం పట్టిన నోటు మీద దావా వేస్తే జడ్జి దాన్ని కొట్టేయాల్సిందే. బాకీదారు ఆ సంగతి ఎత్తకపోయినా, అసలు కోర్టుకే రాకపోయినా, గడువు చూసుకోవలసిన బాధ్యత కోర్టుకు ఉంది. ఆలస్యానికి కారణం చెప్పి మన్నించమని అడిగే వీలు అప్పీళ్లకు ఉంది గాని దావాకు లేదు. అయితే గడువు దాటితే పోయేది దావా వేసే హక్కే, అప్పు కాదు. అడగవచ్చు, ఇష్టపడి ఇస్తే తీసుకోవచ్చు. అలా ఇచ్చిన డబ్బును ‘కాలదోషం పట్టింది కదా’ అని వెనక్కి అడగలేరు. బ్యాంకు అప్పయితే సిబిల్ రికార్డులో ఎగవేత మచ్చ కూడా ఉండిపోతుంది.

దావా ఎవరు వేయవచ్చన్నది ఇంకో ప్రశ్న. నోటు ఎవరి పేర ఉందో వారు వేయవచ్చు. నోటును వెనుక రాసి ఇంకొకరికి బదిలీ చేస్తే, ఆ తీసుకున్నవారు వేయవచ్చు. ఊళ్లో ముఖం చూడని మనిషి పేర కోర్టు నోటీసు రావడానికి ఇదే కారణం. బదిలీ వల్ల గడువు కొత్తగా మొదలు కాదు, పాత తేదీయే లెక్క. బాకీ తీర్చి నోటు వెనక్కి తీసుకోనివారికి ఈ బదిలీతోనే ముప్పు వస్తుంది. డబ్బు ముట్టజెప్పిన రోజే నోటు చేతికి తీసుకోవాలి. అది దొరకలేదంటే రసీదైనా రాయించుకోవాలి. ఎందుకంటే నోటు మీద సంతకం తనదేనని ఒప్పుకున్న వెంటనే, డబ్బు ముట్టిందని చట్టం భావిస్తుంది. ముట్టలేదనో తీర్చేశాననో చూపవలసిన భారం బాకీదారు మీద పడుతుంది. ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఇచ్చినవారి పరిస్థితీ అంతే. స్టాంపు అంటించిన ఖాళీ నోటు ఇవ్వడమంటే దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెబుతోంది.

తెలంగాణ ప్రాంతంలో బాకీదారుకు మరో రక్షణ ఉంది. ఇది చాలామందికి తెలియదు. నిజాం కాలంలో, 1349 ఫసలీలో వచ్చిన మనీలెండర్స్ చట్టం ఇప్పటికీ ఇక్కడ అమల్లో ఉంది. అప్పులివ్వడమే వ్యాపారంగా పెట్టుకున్నవారు లైసెన్సు తీసుకోవాలి. అప్పు ఇచ్చిన నాటికి లైసెన్సు లేదని తేలితే దావాను కోర్టు కొట్టేస్తుంది. చుట్టానికో స్నేహితుడికో ఒకసారి సాయంగా ఇచ్చినవారికి ఇది అంటదు. ఇరవై మందికి మిత్తికి తిప్పుతూ, ఒకే కోర్టులో పదేసి దావాలు వేసే వ్యక్తికి అంటుంది. వ్యాపారం అని చూపవలసింది బాకీదారు. ఆ వ్యక్తి వేసిన మిగతా దావాల నంబర్లు ఇందుకు మంచి ఆధారం. కోర్టుల ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరు కొట్టి వాటిని ఎవరైనా వెతుక్కోవచ్చు.

వసూలు ఏజెన్సీలకు సొంతంగా దావా హక్కు లేదు. అవి బ్యాంకు తరఫునో ఫైనాన్సు కంపెనీ తరఫునో అడగడానికి కుదుర్చుకున్న మనుషులు మాత్రమే. దావా పడితే అప్పిచ్చిన సంస్థ పేర పడాలి. బాకీలను కొనుక్కున్న అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీ అయితే దాని పేర పడుతుంది. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకు ఈ హద్దు ఉదయం 9, సాయంత్రం 6. బెదిరించడం, చుట్టాలకు ఫోన్ చేసి పరువు తీయడం నిషేధం. గ్రూపు అప్పు వాయిదా తప్పిన మహిళ ఇంటి ముందు కూర్చునే పద్ధతి మీద 2010 అక్టోబర్ 15న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత అది 2011 చట్టమైంది. రిజర్వు బ్యాంకు కింద నమోదైన ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. కాబట్టి ఇప్పుడు ఈ కంపెనీల విషయంలో రిజర్వు బ్యాంకు నియమాలే దిక్కు. ‘పోలీసు కేసు పెడతాం’ అన్న బెదిరింపుకు కూడా పెద్దగా బలం లేదు. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే తీసుకున్నారని చూపగలిగితే తప్ప అది సివిల్ తగాదాయే.

చెక్కు ఇచ్చి ఉంటే మాత్రం దారి మారుతుంది. చెక్కు బౌన్సయిన సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లో అప్పిచ్చినవారు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాతి నెల రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. రుజువైతే 2 ఏళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడవచ్చు. సివిల్ దావాలో లేని జైలు భయం ఇందులో ఉంది కాబట్టే అప్పిచ్చేవారు నోటుతో పాటు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు కూడా అడుగుతున్నారు.

బ్యాంకులకూ 3 ఏళ్ల నియమం తప్పదు. అందుకే బ్యాంకు మనుషులు గడువు దగ్గరపడినప్పుడు రివైవల్ లెటర్ మీద సంతకం తీసుకుంటారు. పంట రుణం రెన్యువల్ చేసినప్పుడు కొత్త పత్రాలు రాయిస్తారు. 20 లక్షలు, అంతకు మించిన బాకీ అయితే బ్యాంకు డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు పోవాలి, తక్కువైతే మామూలు సివిల్ కోర్టుకు రావాలి. వాయిదాల అప్పులో ఏ వాయిదా తప్పితే దానికి ఆ తేదీ నుంచి లెక్క. ఒక్కటి తప్పినా మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు ఉంటే మొత్తానికి ఆ తప్పిన తేదీ నుంచి లెక్క నడవవచ్చు. కోర్టు గడప తొక్కకుండా తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. 60 రోజుల నోటీసుతో మొదలయ్యే ఆ చర్య వ్యవసాయ భూమి మీద చెల్లదు. రైతు పొలం తాకట్టు పెట్టి ఉన్నా బ్యాంకు దావా దారిలోనే రావాలి. తాకట్టు బంగారం సంగతి వేరు, సరైన నోటీసు ఇచ్చి వేలం వేసుకోవచ్చు. 2024 జులై 18న మొదలైన 2 లక్షల రుణమాఫీ బ్యాంకుల, సహకార సంఘాల పంట రుణాలకే. నోటు మీద తెచ్చిన బాకీకి దానితో సంబంధం లేదు.

సహకార సంఘాల బాకీలు సివిల్ కోర్టుకు రాకుండా సహకార చట్టం కిందే వసూలవుతాయి. చిట్టీల తగాదాలు 1982 చట్టం ప్రకారం చిట్‌ల రిజిస్ట్రార్ దగ్గరికి పోతాయి. కొన్ని బాకీలను రెవెన్యూ రికవరీ చట్టం కింద శిస్తు బకాయిల్లా వసూలు చేస్తారు. ఆ దారిలో కాలదోషం పట్టిన బాకీని రాబట్టకూడదని సుప్రీంకోర్టు 1999లో కేరళకు చెందిన కల్యాణికుట్టి కేసులో చెప్పింది. ట్రాక్టర్లకు, ఆటోలకు అప్పులిచ్చే కంపెనీలు పత్రాల్లో మధ్యవర్తి షరతు పెడుతున్నాయి. చెన్నైలోనో ముంబైలోనో కూర్చున్న మధ్యవర్తి ఇచ్చిన అవార్డును జిల్లా కోర్టులో డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. కంపెనీ తనంతట తాను నియమించుకున్న మధ్యవర్తి చెల్లడని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పిన సూత్రం ఇలాంటి అవార్డులను సవాలు చేయడానికి పనికొస్తుంది. ఆ మధ్యవర్తి పంపిన కాగితం వచ్చినప్పుడు పక్కన పడేయకుండా జవాబు ఇవ్వడం అన్నిటికంటే అవసరం.

అసలు ఎవరూ ఎప్పుడూ దావా వేయలేని బాకీలు కూడా ఉన్నాయి. పాలమూరు, నల్లగొండ జిల్లాల చరిత్రతో వాటికి దగ్గరి సంబంధం ఉంది. దొర దగ్గర తెచ్చిన అప్పుకు మనిషిని పనికి కట్టేసే భాగేలా పద్ధతి, నాగుకు తెచ్చిన గింజలకు పంట మీద ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వడం ఇక్కడి పల్లెలు తరతరాలు మోసిన బరువు. 1946–51 సాయుధ పోరాటంలో నల్లగొండ గ్రామాల్లో జనం అప్పు పత్రాలను తగలబెట్టిన కోపం వెనుక ఉన్నది ఆ బరువే. 1976 నాటి వెట్టి కార్మిక నిర్మూలన చట్టం భాగేలా, జీతం, పాలేరు, వెట్టి పద్ధతులను పేరు పెట్టి నిషేధించింది. వెట్టికి కారణమైన అప్పు మొత్తం రద్దయిందని, దాని కోసం ఏ కోర్టులోనూ దావా చెల్లదని తేల్చింది. 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు ప్రైవేటు వ్యక్తులకు అప్పటికి పడిన బాకీలను రద్దు చేసింది.

పాలమూరు లేబర్‌కు ఈ నియమం ఈనాటికీ అవసరమే. ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి పని చేయడానికి ఇక్కడి కుటుంబాలను గుంపు మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి దేశమంతా తీసుకుపోయారు. ఆ అడ్వాన్సు తీరలేదన్న లెక్కతోనే కూలీలను ఏళ్ల తరబడి కదలనివ్వని సందర్భాలు ఉన్నాయి. పని కాలం ముగిశాక వలస కూలీ మీద కాంట్రాక్టరుకు మిగిలిన బాకీ రద్దవుతుందని, దానికి దావా పడదని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. అడ్వాన్సు కాగితాన్ని ప్రామిసరీ నోటుగా రాయించుకుని దావా వేసినప్పుడు, అది ఏ డబ్బో కోర్టుకు చెప్పుకోవాలి. చెప్పకపోతే అది మామూలు అప్పులాగే కనిపిస్తుంది.

చెప్పుకోవడానికైనా మనిషి కోర్టుకు రావాలి. వలస కుటుంబాలకు అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇక్కడే తగులుతోంది. దావా వేశాక సమన్లు ఇంటికి వస్తాయి. తాళం వేసి ఉంటే కోర్టు బంట్రోతు తలుపుకు అంటించి పోవచ్చు. ఆ తర్వాత పత్రికలో ప్రకటన వేయించి, ‘ప్రతివాది హాజరు కాలేదు’ అని కోర్టు ఎక్స్‌పార్టీ డిక్రీ ఇస్తుంది. పుణెలో అడ్డా మీద పనికి నిలబడే మనిషికి ఇదేమీ తెలియదు. పండుగకు ఊరికి వచ్చినప్పుడో, భూమి జప్తుకు వచ్చినప్పుడో తెలుస్తుంది. డిక్రీని రద్దు చేయమని అడగడానికి 30 రోజుల గడువు ఉంది. సమన్లు సరిగ్గా అందకపోతే ఆ 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి మొదలవుతాయి. తెలిసిన వెంటనే వకీలును కలవాలి. ‘పండుగ పోనీ’ అని వాయిదా వేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. సమన్లు అందినవారు మామూలుగా 30 రోజుల్లో, ఆలస్యమైతే కోర్టు అనుమతితో 90 రోజుల్లోపు జవాబు వేయాలి.

డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించుకోవడానికి 12 ఏళ్ల గడువు. ఈపీ వేయడం అంటే ఇదే. 3 ఏళ్ల నోటు డిక్రీగా మారితే 12 ఏళ్ల కత్తి అవుతుంది. అయినా సివిల్ ప్రొసీజర్ కోడ్ కొన్నిటిని జప్తు నుంచి తప్పించింది: రైతు దున్నే పనిముట్లు, ఎడ్లు, విత్తనాలకు దాచిన గింజలు, రైతు ఉంటున్న ఇల్లు, కూలీ కూలి డబ్బు, వంటపాత్రలు, పడక, బట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీంచి తీయకూడని పుస్తెలు. ఎవరైనా వీటి మీద చేయి వేస్తే కోర్టులో అభ్యంతరం చెప్పవచ్చు. డబ్బు డిక్రీకి ఆడవారిని అరెస్టు చేయకూడదు. మగవారిని సివిల్ జైలుకు పంపవచ్చు, అదీ గరిష్ఠంగా 3 నెలలు. చేతిలో ఉండి ఎగ్గొట్టినవారినే పంపాలి, నిజంగా లేనివారిని పంపడం రాజ్యాంగానికి విరుద్ధమని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు చెబుతోంది. అన్ని దారులూ మూసుకుపోయినవారు దివాలా పిటిషన్ వేసుకోవచ్చు, ఊళ్లలో ‘ఐపీ పెట్టడం’ అనేది దాన్నే. అయితే అంతకుముందే భూమిని బంధువుల పేర రాసి ఉంటే ఆ రిజిస్ట్రేషన్లను కోర్టు రద్దు చేయగలదు.

వకీలు ఫీజు పెట్టుకోలేనివారి కోసం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తాయి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు. దావా నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, మామూలుగా ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. అప్పీలు లేదు కాబట్టి అక్కడ ఒప్పుకునే మొత్తాన్ని, వాయిదాల తేదీలను ముందే లెక్క వేసుకుని పోవడం మంచిది.

జమానతు ఉన్నవారి మీద అప్పిచ్చినవారు నేరుగా దావా వేయవచ్చు. అసలు బాకీదారును ముందు అడిగి తీరాలన్న నియమం లేదు. అప్పు తెచ్చినవారు చనిపోతే గడువు ఆగదు, పెరగదు. మిగిలిన కాలంలోనే వారసుల మీద దావా పడాలి. వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న పాత సూత్రాన్ని 2005 సెప్టెంబర్ 9 తర్వాతి అప్పుల విషయంలో హిందూ వారసత్వ చట్టం సవరణ తీసేసింది. రైతు చనిపోయిన ఇంట్లో భార్యకు భర్త నుంచి వచ్చిన భూమి మీదికి డిక్రీ రావచ్చు. ఆమె కూలి డబ్బు, పుట్టింటివారు ఇచ్చినది, ఆమె సొంతంగా కొనుక్కున్నది దాని కిందికి రావు. పెద్దదినం దాటకముందే ఇంటికి వచ్చి ఆమె పేర కొత్త నోటు రాయించుకుంటే మాత్రం ఆ బాకీని ఆమె సొంత బాకీగా చూపి దావా వేసే వీలు దొరుకుతుంది. అలాంటి సంతకం పెట్టవలసిన అవసరం చట్టం ప్రకారం ఆమెకు లేదు.